నీళ్ళాయన చెవి

పిల్లల పళ్ళ ఆసుపత్రిలో ఆయన్ని అందరూ నీళ్ళాయన అంటారు. అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, ఇరవై రెండేళ్ళుగా దాంతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఇప్పుడెవరైనా పిలిచినా ఆయన తననే అనుకోడు. ఆసుపత్రి హాల్లో గోడ పొడుగునా ఏడడుగుల ఉప్పునీటి అక్వేరియం ఉంది. దాన్ని కనిపెట్టుకుని ఉండటమే ఆయన పని. అందులో రంగురంగుల పగడాలు, వాటి సందుల్లో అరవై చేపలు. పంటి నొప్పితో ఏడుస్తూ వచ్చిన పిల్లలు అద్దానికి ముక్కు ఆనించి ఏడుపు మర్చిపోవాలని డాక్టరమ్మ దాన్ని పెట్టించింది. మర్చిపోతారు కూడా. లోపల డ్రిల్లు గుర్రుమంటున్నా సరే, నిమ్మకాయ అని వాళ్ళే పేరు పెట్టుకున్న పసుపుపచ్చ చేప ఇటు వచ్చిందంటే ఇక లోకం పట్టదు వాళ్ళకి.

చిక్కేమిటంటే, పిల్లలకి ఎన్ని చేపలున్నా చాలవు. ఏటా ఎవరో ఒక పిల్ల నీలం చేప లేదేమని అడుగుతుంది, డాక్టరమ్మ మనసు కరిగిపోతుంది, ఇంకో రెండు వచ్చి పడతాయి. ముప్పై చేపలు హాయిగా బతకాల్సిన నీళ్ళలో అరవై అయ్యాయి. ఆకలేస్తే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి కనక రోజుకి మూడుసార్లు మేత వెయ్యాలి. తిన్న చేప ఊరుకోదు కదా! ఆ మురికీ, మిగిలిన మేతా నలుసులుగా ఉండగానే నీళ్ళలోంచి తీసెయ్యాలి. కుళ్ళి కరిగిందా, నీళ్ళు పాడై ముందు పగడాలు వాడిపోతాయి, ఆ తర్వాత చేపల వంతు.

ఆ తీసే పని సంచులది. హాలు గోడ వెనక, మనిషి అటు తిరిగితే మోచెయ్యి ఇటు గోడకి తగిలేంత ఇరుకు గది ఉంది. పై తొట్టి నీళ్ళు గొట్టంలోంచి ఆ గదిలో ఉన్న కింది తొట్టిలోకి దిగుతాయి. దిగేచోట నాలుగు గుడ్డ సంచులు వరసగా వేలాడుతుంటాయి. మురికి సంచుల్లో ఆగిపోతుంది, వడకట్టిన నీళ్ళని పంపు మళ్ళీ పైకి తోస్తుంది. ఆ సంచులు కుట్టేది నీళ్ళాయన భార్య. మందపాటి ఫెల్టు గుడ్డ కత్తిరించి, మూతికి ప్లాస్టిక్ రింగు పెట్టి, తన కుట్టుమిషను మీద రెండు వరసలు కుడుతుంది. ఉతికేదీ ఆవిడే. సబ్బు తగలకూడదు. సబ్బు చుక్క ఆ నీళ్ళలోకి వెళితే అంతే సంగతులు. ఉత్త నీళ్ళలో నానబెట్టి, తిరగేసి, బ్రష్షుతో రుద్ది, బాల్కనీ తాడు మీద ఆరేస్తుంది. ముప్పై సంచులు ఇంటికీ ఆసుపత్రికీ మధ్య అలా తిరుగుతూనే ఉంటాయి.

ఏ సంచి ఎప్పుడు మార్చాలో చెప్పేది మాత్రం నీళ్ళాయన చెవి. శుభ్రమైన సంచిలోంచి నీళ్ళు దిగితే చప్పుడే ఉండదు. సగం నిండితే గుసగుస మొదలవుతుంది. పూర్తిగా మూసుకుపోతే నీళ్ళు సంచి మూతి మీంచి పొర్లి సన్నగా చిటచిటలాడతాయి. అలా పొర్లిన నీళ్ళు మురికితో సహా పైకి పోతాయన్నమాట. ఆయన గుమ్మంలో చెప్పులు విప్పుతూనే మూడోది అయిపోయిందనేవాడు. లోపలికెళ్ళి చూస్తే మూడోదే. కొత్తగా చేరిన నర్సులు నమ్మకుండా పందెం కాసి ఓడిపోయేవాళ్ళు. ఇంటికొచ్చి ఆ ముచ్చట భార్యకి చెప్పుకుని మురిసిపోవడం ఆయనకి సరదా. ఒకరికి పాట వస్తుంది, ఒకరికి మాట వస్తుంది, ఆయనకి వచ్చింది అదొక్కటే మరి.

ఆ చెవి ఒక మంగళవారం పొద్దున ఆయన్ని మోసం చేసింది. గుమ్మంలో నిలబడి విన్నాడు. ఏమీ లేదు. అమ్మయ్య, అన్నీ బాగున్నాయనుకుని స్టూలు మీద కూర్చున్నాడు. కాసేపటికి యథాలాపంగా అటు చూస్తే ఒకటో సంచి, రెండో సంచి, నాలుగో సంచి, మూడింటి మూతుల మీంచీ నీళ్ళు పొర్లుతున్నాయి. కళ్ళు మూసుకుని మళ్ళీ విన్నాడు. ఏమీ లేదు. తెరిస్తే పొర్లుతున్నాయి, మూస్తే ఆగిపోతున్నాయి.

చెవి పూర్తిగా పోయిందని కాదు. తలుపు దబదబా బాదితే వినపడేది, లారీ వెళితే వినపడేది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి సగం, ఊహించుకుని సగం పూరించుకునేవాడు. పోయినవల్లా సన్న చప్పుళ్ళు, కీచు చప్పుళ్ళు. గడియారం టిక్కుటిక్కు, చెంచా కిందపడ్డ చప్పుడు, తన బతుకంతా నమ్ముకున్న ఆ చిటచిట. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కుళాయి సన్నగా తిప్పి, కళ్ళు మూసుకుని దాని ముందు నిలబడేవాడు. కారుతోందో లేదో తెలియక చెయ్యి పెట్టి చూసుకునేవాడు. తడి తగిలినప్పుడల్లా భయం ఇంకాస్త పెరిగేది.

ఈ సంగతి తెలిసిన మర్నాడే డాక్టరమ్మ తొట్టిని ఇంకొకరి చేతిలో పెడుతుంది. అదీ ఆయన భయం. యాభై తొమ్మిదేళ్ళ వయసులో చెవిటివాణ్ణి ఇంకే తొట్టి దగ్గరికి రానిస్తారు? ఆ ఇరుకు గది, ఆ ఉప్పు వాసన, ఆ స్టూలు లేకుండా పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలో కూడా ఆయనకి తెలియదు. అందుకని ఎవరికీ చెప్పలేదు. చెవుల డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. వెళితే ఆయన ఉన్న మాట చెప్పేస్తాడని భయం.

దాచడం మొదలెడితే దానికీ ఒక పద్ధతి కావాలి. సంచి వినపడట్లేదు, పొర్లేదాకా కంటికీ తెలియదు కనక కాలెండరు చూసి మార్చడం మొదలుపెట్టాడు, రోజు విడిచి రోజు నాలుగూ ఒకేసారి. పంపు నడుస్తోందో లేదో తెలియడానికి స్టూలుని తొట్టి స్టాండుకి దగ్గరగా జరుపుకుని, మోకాలు ఆనించి కూర్చునేవాడు. పంపు వణుకు మోకాలికి తెలిసేది. ఒక్క రింగు దగ్గరే ఏమీ తోచలేదు. సంచి రింగుని గొట్టం కిందున్న గుండ్రటి గూట్లో పెట్టి నొక్కితే టక్కుమంటుంది, అప్పుడే సరిగ్గా కూర్చున్నట్టు. ఆ టక్కు ఇప్పుడు లేదు. గట్టిగా నొక్కి, కూర్చుందిలే అనుకుని వదిలేసేవాడు.

ముందుగా అనుమానం వచ్చింది భార్యకి. ఆవిడకి ఆ సంచులు చూస్తే చాలు, జాతకం చదివినట్టు చదివేస్తుంది. అలా రెండు నెలలు కావస్తుండగా ఒక సాయంత్రం ఒక సంచి తిరగేసి, ఇదింకా ఒక రోజు పనిచేసేదే, ఎందుకు తీశారని అడిగింది. చేపలు ఎక్కువయ్యాయిలే అన్నాడు. ఇంకోటి తీసి మూతి దగ్గర అంటుకున్న జిడ్డు చూపించింది. అంటే అది ఎప్పుడో పొర్లిపోయిందన్నమాట. ఒకటి కడిగినట్టు వస్తోంది, ఒకటి పొర్లిపోయి వస్తోంది, మీకేమైందని అడిగింది. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని వినపడనట్టు ఊరుకున్నాడు. నిజానికి ఆ మాట ఆయనకి బాగానే వినపడింది.

తర్వాతి బుధవారం అసలు గండం వచ్చింది. పళ్ళ డాక్టరు కదా, డాక్టరమ్మ మొహాన పొద్దస్తమానం మాస్కే. ఇద్దరు పేషెంట్ల మధ్య దొరికిన తీరికలో ఇరుకు గదిలోకి వచ్చి, నీళ్ళాయనతో ఏదో రెండు నిమిషాలు చెప్పింది. పెదాలు కనపడవు. మాస్కు చాటున మాట ముద్దగా అణిగిపోయింది. కళ్ళు మాత్రం సంతోషంగా ఉన్నాయి. చివర్న ఏదో అడిగినట్టు ఆగింది. ఏమిటండీ అని అడగొచ్చు. ఒకసారి అడిగితే గట్టిగా చెబుతుంది, రెండోసారి అడిగితే అనుమానపడుతుంది. ఆయన తలూపాడు. సరేనండీ, తప్పకుండా అన్నాడు. డాక్టరమ్మ ఇంకా సంతోషంగా వెళ్ళిపోయింది.

దేనికి ఒప్పుకున్నాడో తెలియకుండా ఒక మనిషి రెండు రోజులు బతకడమంటే ఏమిటో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. సెలవు పెడతానన్నాడా, పనికి ఇంకొకణ్ణి పెట్టుకోమన్నాడా, తొట్టి అమ్మెయ్యమన్నాడా? గుమ్మంలో ఎవరు నిలబడ్డా ఉలిక్కిపడేవాడు. శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరు మనుషులు రెండు పెద్ద పెట్టెలు మోసుకొచ్చి హాల్లో దించారు. మూత తీస్తే లోపల పద్నాలుగు చేపలు, ఒక్కొక్కటి అరచెయ్యంత. డాక్టరమ్మ స్నేహితురాలు తన ఆఫీసు మూసేస్తూ చేపల్ని ఎవరికివ్వాలా అని చూస్తోందట. చీటీలు రాసే అమ్మాయి మాస్కు లేకుండా, ఎదురుగా నిలబడి చెప్పింది కనక ప్రతి మాటా అర్థమైంది.

"మీరు సరేనన్నారనే మేడమ్ ఒప్పుకున్నారండీ. మీరు వద్దంటే ముట్టుకునేదాన్నే కాదన్నారు."

ఇరవై రెండేళ్ళలో సంపాదించుకున్న నమ్మకమంతా ఆ పెట్టెల్లో ఈదుతోంది. ఇప్పుడు వద్దనాలంటే, మీరడిగింది నాకు వినపడలేదని చెప్పాలి. మింగలేక కక్కలేక నిలబడ్డాడు. చివరికి తన చేత్తోనే వాటిని ఒక్కొక్కటీ తొట్టిలోకి వదిలాడు.

డెబ్బై నాలుగు చేపలు! మర్నాటికే సంచులు పూటకోసారి మూసుకుపోవడం మొదలైంది. పొద్దున మార్చినవి మధ్యాహ్నానికి పొర్లుతున్నాయి. ఇంట్లో ముప్పై సంచులూ చాలేలా లేవు, బాల్కనీలో అవి ఆరే లోపలే ఇంకో బకెట్టు వచ్చి పడుతోంది. ఆయన కూర్చుని ఒక్కొక్క దారీ తరిచి చూసుకున్నాడు. స్పాంజి పెడితే? మురికిని పట్టుకుంటుంది గానీ బయటికి పోనివ్వదు, అందులోనే కుళ్ళుతుంది, రోజూ పిండకపోతే సంచి కంటే అన్యాయం. దూది పరుపులు పరిస్తే? గంటల్లో అట్టకట్టుకుపోతాయి. ఇంకా సన్న నేత సంచి పెడితే? నీళ్ళు అద్దంలా ఉంటాయి, కానీ పగడాలు తినే సన్న నలుసులు కూడా పోతాయి, పైగా ఇంకా త్వరగా నిండుతుంది. మిగిలింది ఒక్కటే, బట్ట చుట్ట తిప్పే మిషను. దాని సంగతి ఆయనకి నాలుగేళ్ళుగా తెలుసు. ఇంత జనాభా ఉన్న తొట్టికి అదే సరైనదనీ తెలుసు. తెలిసీ ఎవరి దగ్గరా నోరెత్తలేదు. అది వస్తే రోజూ చెవి పెట్టి వినే మనిషితో పనేముంది?

ఆ మిషను మాట ఎత్తితే చాలు బావమరిది పూనకం వచ్చినట్టు ఊగిపోతాడు. అతను అక్వేరియం సామాను కొట్లో సేల్స్‌మన్. బావగారి ఇంటికి వచ్చినప్పుడల్లా అక్క కుట్టిన సంచులు చూసి, ఇంకా ఈ పాత గుడ్డలేనా బావా అని ఏడిపించకుండా కాఫీ తాగడు. ఆ ఆదివారం అట్టపెట్టె చంకలో పెట్టుకుని దిగాడు. బల్ల మీద మిషను పెట్టి, ప్లగ్గు గుచ్చి, పాఠం మొదలెట్టాడు. తెల్లటి పల్చని బట్ట ఒకవైపు చుట్టగా ఉంటుంది. నీళ్ళు ఆ బట్టలోంచి దిగుతాయి. బట్ట మురికిపట్టిందా, నీటి మట్టం లేస్తుంది, దాంతో నీళ్ళ మీద తేలే బెండు లేస్తుంది, మోటారు తిరుగుతుంది, శుభ్రమైన బట్ట ముందుకొస్తుంది, మురికిబట్ట అవతల చుట్టుకుంటుంది. వారానికి రెండుసార్లు చూస్తే చాలు. ఒకవేళ చుట్ట అయిపోయినా మోటారు ఇరుక్కున్నా బెండు పైనే ఉండిపోతుంది కనక కీచుమంటూ అలారం మోగుతుంది.

"ఇదీ అసలు మజా. చూడు బావా," అని అతను బెండుని వేలితో పైకెత్తి పట్టుకున్నాడు.

నీళ్ళాయన మిషను వైపే చూస్తూ కూర్చున్నాడు. భార్య రెండు చెవులూ మూసుకుంది. బావమరిది పళ్ళికిలిస్తున్నాడు. ఆయన ఇంకా చూస్తున్నాడు, ఎప్పుడు మోగుతుందా అని.

"ఏదీ, మోగించు," అన్నాడు.

బావమరిది పగలబడి నవ్వాడు. ఈ ముసలాడి వేళాకోళాలకేం తక్కువ లేదక్కా అని అక్క వైపు తిరిగాడు. ఆవిడ నవ్వలేదు. చెవుల మీంచి చేతులు మెల్లిగా దించి, భర్త మొహం చూస్తూ నిలబడిపోయింది. అప్పుడు అర్థమైంది ఆయనకి. తనూ పెద్దగా నవ్వి, ఇలాంటి కూతల డబ్బాలు మాకొద్దురా బాబూ, తీసుకుపో అన్నాడు. బావమరిది ఎంత చెప్పినా వినకుండా పెట్టెతో సహా సాగనంపాడు.

తలుపు వేసి వచ్చి ఆవిడ ఆయన ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చుంది. మొహంలో మొహం పెట్టి, పెదాలు కనపడేలా, ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. దేనికి అన్నాడు. ఆవిడ ఊరుకోలేదు. మూడిళ్ళ అవతలివాళ్ళు కిటికీలు తెరిచారు, మీరు మోగించమన్నారు, ఎన్నాళ్ళ నుంచి అని మళ్ళీ అడిగింది. ఇక దాచలేకపోయాడు. రెండు నెలలైందన్నాడు. కాలెండరు సంగతి, మోకాలి సంగతి, తలూపిన సంగతి, అన్నీ కక్కేశాడు. ఆవిడ ఆయన చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. నీళ్ళలో నాని నాని ముడతలు పడ్డ చేతులు ఇద్దరివీ.

"రేపే డాక్టరమ్మగారికి చెప్పెయ్యండి."

"చెప్తే తీసేస్తుందే."

"చెప్పకపోతే చంపేస్తారు మీరు. ఆ నోరులేని వాటిని."

ఆయనకి ఒళ్ళు మండిపోయింది. మండటం ఎందుకంటే ఆవిడ అన్నది నిజం కనక. చెప్తాలే, ముందు రోజుకి మూడుసార్లు మార్చి చూస్తాను, ఒక్క వారం గడువివ్వు అని బతిమాలాడు. ఆవిడ లేచి, కుట్టుమిషను ముందు కూర్చుని ఇంకో నాలుగు సంచులు కత్తిరించింది.

వారం గడువు అడిగాడు గానీ ఒక్క రోజే దొరికింది. సోమవారం పదకొండింటికి నాలుగు సంచులూ మార్చాడు. తొందరలో నొక్కాడు, కూర్చున్నాయిలే అనుకున్నాడు. తీసిన సంచులు గది మూలన ఉన్న కుళాయి కింద బకెట్టులో వేసి జాడించడం మొదలుపెట్టాడు. బకెట్టు అక్కడుండటంతో స్టూలు అటు జరపాల్సి వచ్చింది. మోకాలు స్టాండుకి దూరమైంది. తొట్టికి వీపు పెట్టి కూర్చుని, ఇవాళ చెప్పాలా రేపు చెప్పాలా అని మథనపడుతూ సంచులు రుద్దుతున్నాడు. ఆయన వెనక, నాలుగడుగుల దూరంలో, సరిగ్గా కూర్చోని మూడో రింగు గూట్లోంచి లేచింది. సంచి నీళ్ళలోకి జారి, తేలుతూ వెళ్ళి, పంపు నోటికి అడ్డం పడింది. పంపు ఒకసారి మూలిగి ఆగిపోయింది. పై తొట్టిలోకి నీళ్ళు రావడం ఆగింది. డెబ్బై నాలుగు ప్రాణాలకి ఆ నిలవ నీళ్ళలో గాలి ఎంతసేపు చాలుతుంది? ఆయన రుద్దుతూనే ఉన్నాడు.

భుజం మీద చెయ్యి పడేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి. తిరిగి చూస్తే డాక్టరమ్మ. మాస్కు గడ్డం కిందికి లాగేసి ఉంది. అన్నేళ్ళలో ఆమె మొహం నిండుగా చూసింది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ మొహంలో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది.

"మూడుసార్లు పిలిచాను. మీ వెనకే నిలబడి పిలిచాను. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి."

ఆయన కింది తొట్టి వైపు చూశాడు. అర క్షణంలో సంగతంతా తెలిసిపోయింది. చొక్కా చేతులు మడుచుకునే ఓపిక కూడా లేకుండా భుజం దాకా నీళ్ళలోకి చెయ్యి దూర్చి, పంపు నోటికి అతుక్కుపోయిన సంచిని పీకేశాడు. పంపు కదిలింది, చేతికి వణుకు తెలిసింది. హాల్లోకి పరిగెత్తాడు. పిల్లలు అద్దం ముందు గుంపుగా నిలబడి ఉన్నారు. నీళ్ళు మళ్ళీ పడటం మొదలయ్యాక చేపలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. పది నిమిషాలకి ఒక్కటి తప్ప అన్నీ దిగాయి. నిమ్మకాయ దిగలేదు. పదకొండేళ్ళ నుంచి ఆయన వేళ్ళ సందుల్లోంచి మేత తినే చేప, పగడాల మధ్య పక్కకి ఒరిగిపోయి ఉంది. వలతో దాన్ని తీసి, పిల్లలకి కనపడకుండా చేతి రుమాలులో చుట్టి గదిలోకి తీసుకుపోయాడు.

ఆ మధ్యాహ్నమంతా ఆయన ఆ గదిలోంచి కదల్లేదు. నాలుగు రింగుల్నీ గోరుతో చుట్టూ తడిమి తడిమి చూసుకుంటూ కూర్చున్నాడు. ఆఖరి పేషెంటు వెళ్ళిపోయాక డాక్టరమ్మ పిలిపించింది. హాల్లో పిల్లలు కూర్చునే పొట్టి కుర్చీలో ఆమె, ఎదురుగా నీళ్ళాయన. కూర్చోమన్నా కూర్చోలేదు. ఏం జరిగిందని ఆమె అడిగింది. రింగు పాతబడిందని చెప్పొచ్చు. భార్య కుట్టు వదిలిందని చెప్పొచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. బాల్కనీలో తాడు మీద ఆరుతున్న సంచులు గుర్తొచ్చి, తన మీద తనకే అసహ్యం వేసింది.

"నాకు సన్న చప్పుళ్ళు వినపడట్లేదండీ. రెండు నెలలైంది. రింగు కూర్చుందో లేదో తెలియలేదు, పంపు ఆగిందనీ తెలియలేదు. ఆరోజు చేపల గురించి మీరేం అడిగారో కూడా నాకు వినపడలేదు. ఊరికే తలూపాను."

డాక్టరమ్మ తొట్టి వైపు తిరిగింది. ఫరవాలేదని అనలేదు. నిజానికి అలా అంటే ఆయనకి ఇంకా బాధగా ఉండేది. ఆరోజే ఒక్క మాట అడిగి ఉంటే ఆ పద్నాలుగూ వచ్చేవి కావు కదా అంది. అవునండీ అన్నాడు. నిమ్మకాయ ఏదని రేపు పిల్లలడిగితే ఏం చెప్పాలంది. ఆ తర్వాత ఆయన మొహంలోకి చూస్తూ, ఒక్కొక్క మాటా విడివిడిగా పలికింది.

"ఇప్పుడీ తొట్టికి ఏ ఫిల్టరు పెట్టాలో మీరే చెప్పండి. మీ కోసం కాదు. చేపల కోసం."

ఆయన గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, ఆ చప్పుడొక్కటి మాత్రం ఆయనకి బాగా వినపడింది. సంచులే ఉంచుదామండీ, జాగ్రత్తగా ఉంటానంటే ఆమె ఒప్పుకునేదేమో. ఇరవై రెండేళ్ళ మొహమాటం ఉంది. ఆయన కళ్ళు మూసుకుని చెప్పేశాడు. చుట్ట తిప్పే మిషను పెట్టించండి అన్నాడు. సంచి మనిషిని నమ్ముకుని పనిచేస్తుంది, ఇంత జనాభాకి ఏ మనిషీ చాలడు. దాని అలారం కూత కాకుండా ఎర్రదీపం వెలిగేలా పెట్టించండి, హాల్లో అందరికీ కనపడేలా. ఆ పెద్దచేపల్లో సగమైనా ఇంకెక్కడికైనా పంపెయ్యాలి, ఏ మిషనూ ఇన్నింటిని మొయ్యదు. చివరి మాట మెల్లిగా అన్నాడు.

"అది పెడితే రోజూ నేను రానక్కర్లేదండీ. వారానికి రెండుసార్లు ఎవరు చూసినా సరిపోతుంది."

ఆమె ఆలోచించుకుని చెబుతానంది. ఆయన ఇంటికి నడిచి వెళ్ళాడు. దారిలో ఏ బండి వెనకనుంచి వస్తోందో తెలియక గోడ వారగా నడిచాడు. భార్యకి జరిగింది చెప్పాడు. ఆవిడ నిమ్మకాయ గురించి విని కళ్ళు తుడుచుకుంది. సంచుల గురించి విని, పోనీలెండి, నా చేతులకి ఈ ఉప్పు వాసన వదులుతుంది అంది. ఆ మాట అంటూనే తాడు మీద ఆరిన సంచుల్ని ఒక్కొక్కటే తీసి, ఎప్పట్లాగే మడత పెట్టి బీరువాలో సర్దింది. రెండు రోజుల పాటు ఇంట్లో ఎవరికీ ఆకలి వెయ్యలేదు. ఫోను తెర వెలిగినప్పుడల్లా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు.

గురువారం మెసేజి వచ్చింది, శనివారం మిషను బిగించడానికి రమ్మని. ఎవరిని అని ఇద్దరూ రెండుసార్లు చదువుకున్నారు. ఆయన్నే. బావమరిది ఎర్రదీపం తన చేతులతోనే అతికించి ఇచ్చాడు. మోగించమన్న మాట జోకు కాదని అక్క ముందే చెవిన వేసింది కాబోలు, ఈసారి ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు. ఆరోజు అతను అంత నెమ్మదిగా ఉండటం చూసి నీళ్ళాయనకే దిగులేసి, ఏరా, నోరు పడిపోయిందా అని తనే ఏడిపించాడు. పెద్దచేపల్లో ఎనిమిది వేరే చోటికి వెళ్ళిపోయాయి. వారానికి మూడు రోజులు రమ్మంది డాక్టరమ్మ. చివరికి వెళ్ళి చూపించుకున్నాక చెవుల డాక్టరు ఇచ్చిన వినికిడి మిషను పెట్టుకుంటే చెంచాలు, గడియారాలు తిరిగొచ్చాయి గానీ, ఇరుకు గదిలోకి వెళితే అది పంపు హోరంతా తెచ్చి బుర్రలో పోస్తుంది. అందుకని ఆ గదిలో మాత్రం దాన్ని తీసి జేబులో వేసుకుంటాడు. కూర్చునేటప్పుడు మోకాలు స్టాండుకి ఆనిస్తాడు. తెల్లటి బట్ట అంగుళం అంగుళం కదలడాన్ని చూస్తూ ఉంటాడు. భయం పోలేదు, గుమ్మం దగ్గర ఆగి వినబోతాడు ఇప్పటికీ. ఆ తర్వాత దీపం వైపు చూస్తాడు.

నెల తర్వాత ఒక పొద్దున స్టూలు మీద ఉండగా గుమ్మంలో నీడ పడింది. డాక్టరమ్మ. లోపలికి వచ్చి, ఆయన తలెత్తి చూసేదాకా ఆగి, వెలుగు తన మొహం మీద పడేలా పక్కకి జరిగింది. మాస్కు గడ్డం కిందికి లాగింది. అప్పుడు అడిగింది, పిల్లలు నిమ్మకాయని తలుచుకుంటున్నారు, అలాంటిదే ఒకటి తెద్దామా అని.

ప్రతి మాటా అందింది ఆయనకి. పాత అలవాటు కొద్దీ తల కదలబోయింది. ఆపుకున్నాడు. తొట్టి వైపు చూసి, బట్ట చుట్ట వైపు చూసి, లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడే వద్దండీ," అన్నాడు. "నీళ్ళు ఇంకా తేరుకోలేదు. తెచ్చే రోజు నేనే చెప్తాను."

డాక్టరమ్మ సరేనని తలూపి, మాస్కు పైకి లాక్కుని వెళ్ళిపోయింది.